సాము నేర్పు పద్ధతి యెట్టిదై యుండవలెను?

మన పట్టణములలో నిప్పుడు పొద్దుగూకువేళ ఏ వీధిని నడచినను, తెల్లని దుస్తులు ధరించి, నడుమునకు రంగురంగుల పట్టీలు చుట్టుకొని, వరుసలు తీరి నిలిచి, అఱచుచు పిడికిళ్లు విసరు బాలబాలికలు కానవచ్చుచున్నారు. కరాటే యని కొందరు, కుంగ్‌ఫూ యని కొందరు, టైక్వాండో యని కొందరు నేర్పుచున్నారు. కఱ్ఱసాము, కుస్తీ మొదలగు మన విద్యలను మరల నిలుపవలెనని యత్నించువారును గలరు. తమ బిడ్డలకు, ముఖ్యముగా నాడుబిడ్డలకు, ఆత్మరక్షణోపాయము తెలిసియుండుట మేలని తలంచి తల్లిదండ్రులు రుసుములు చెల్లించి పంపుచున్నారు. పాఠశాలలలో సహిత మిట్టి శిక్షణము నేర్పాటు చేయవలెనను మాట తఱచుగా వినవచ్చుచున్నది. కోరిక మంచిదే. కాని "ఏ విద్య నేర్పవలెను?" అని యందరు నడుగుచున్నారేగాని "ఎట్లు నేర్పవలెను?" అని యడుగువారు అరుదు. మా యభిప్రాయమున రెండవ ప్రశ్నయే ముఖ్యమైనది. దానికి సరియైన యుత్తరము దొరకినచో మొదటి ప్రశ్న చాలవరకు తనంతట తానే తీరిపోవును.

ఏ సామునకైనను ప్రయోజన మొక్కటియే. ఆపద తటాలున మీదపడినప్పుడు, ఆలోచించుటకు వ్యవధి లేనప్పుడు, దేహము చేయవలసిన పనిని తడబడక చేయవలెను. ఈ శక్తి యెట్లు వచ్చును? ఎదుటివాడు మన పట్టును తప్పించుకొనుటకు తన బలమంతయు వినియోగించుచుండగా, మనము మన బలమంతయు వినియోగించి యత్నింపవలెను. ఆ యత్నమును ఏడాది కొకనాడు గాక దినదినమును చేయవలెను. చేసిన పిమ్మట ఇరువురును గాయము లేక ఇల్లు చేరి, మరునాడు మరల రావలెను. ఈ మూడును కలిసియున్న పద్ధతియే సఫలమైన పద్ధతి యని మేము చెప్పుచున్నాము. వీనిలో ఏ యొక్కటి లోపించినను, ఆ విద్య పేరెంత ఘనమైనను, దాని వంశమెంత ప్రాచీనమైనను, అది కసరత్తు కావచ్చును, నాట్యము కావచ్చును, ఆత్మరక్షణము మాత్రము కాదు.

ఇది క్రొత్త మాట కాదు. గట్టున కూర్చుండి చేతులాడించినంత మాత్రమున ఈత రాదని పల్లెలోని పిల్లవాడు సైత మెఱుగును. అంతఃపురములో ప్రగల్భములు పలికిన ఉత్తరకుమారునకు కౌరవసేన కంటబడగానే రథము దిగి పాఱిపోవలెనను బుద్ధి పుట్టినది. అతనికి అస్త్రవిద్య చెప్పిన గురువులు లేకపోలేదు. ఎదుట నిలిచి తిరిగి కొట్టువానితో నతనికి పరిచయము లేదు. ఇక పరిశుద్ధ గ్రంథములో దావీదు చేసిన పనిని మన విద్యార్థులందరు నెఱుగుదురు. గొల్యాతు నెదుర్కొనుటకు సౌలు రాజు తన శిరస్త్రాణమును కవచమును తొడిగింపగా, అవి తనకు వాడుక లేనివని దావీదు వానిని విడిచిపెట్టెను. వడిసెలను, ఏటి రాళ్లను చేతబట్టి వెడలెను. మందను కాయునప్పుడు సింహమునకును ఎలుగుబంటికిని ఎదురు నిలిచినవా డగుటచే, తాను పరీక్షించి యెఱిగినదానికిని ఎఱుగనిదానికిని గల భేద మతనికి తెలియును. పరీక్షింపని రాజకవచముకంటె పరీక్షించిన వడిసెలయే మేలు. సాము విద్యల విచారమంతయు నీ యొక్క మాటలో నిమిడియున్నది.

అయినచో అందరు నట్లే నేర్పరాదా? అట్లు నేర్పుటలో నొక చిక్కు గలదు. కత్తివేటు నిజముగా వేసినచో ఎదుటివాడు చచ్చును. వేయక ఊరకున్నచో వేయు నేర్పు రాదు. కన్ను పొడుచుట, గొంతు నులుముట, కీళ్లు విఱుచుట మొదలగునవి యన్నియు నిట్టివే. ఈ చిక్కువలన పూర్వకాలపు గురువులు తఱచుగా నొక మార్గమును పట్టిరి. ఎవరు ముందు వేయవలెనో, ఎవరెట్లు తప్పించుకొనవలెనో, ఎవరు పడవలెనో ముందుగానే నిర్ణయించి, శిష్యులచే ఆ వరుసను వేయిమార్లు చేయించిరి. ఇందువలన అంగవిన్యాసము చక్కబడును. కాని పడవలసినవాడు పడుటకు ముందే యొప్పుకొనియున్నాడు గదా! ఎదుటివా డొప్పుకొననప్పు డేమి జరుగునో శిష్యునకు తెలియకయే విద్య ముగియును.

ఈ చిక్కును విప్పుటకు వివిధ దేశములవారు వివిధోపాయములు కనిపెట్టిరి. జపానుదేశమున కత్తిసాము నేర్పువారు 18వ శతాబ్దమున వెదురుబద్దలతో కట్టిన కత్తిని, ముఖమునకు రొమ్మునకు ముంజేతులకు తగిన కవచములను వాడుకలోనికి తెచ్చిరి. దానితో శిష్యులు వెఱపు లేక ఒకరినొకరు నిజముగా కొట్టుకొనగలిగిరి. ఇంగ్లండులో 1867లో ప్రకటింపబడిన క్వీన్స్‌బెరీ నియమములు ముష్టియుద్ధమునకు చేతితొడుగులను, మూడేసి నిమిషముల విడతలను ఏర్పఱచినవి. మన కుస్తీగోదా సంగతి చూడుడు. మట్టిని త్రవ్వి, జల్లించి, మెత్తన చేసి, కొన్నియెడల నూనెయు మజ్జిగయు పసుపును కలిపి, పడినవానికి దెబ్బ తగులకుండ సిద్ధము చేయుదురు. గోదాలో మట్టి త్రవ్వుట కూడ శిష్యునకు కసరత్తే. వెదురుకత్తి, చేతితొడుగు, మెత్తని మన్ను అనునవి మూడును మూడు దేశములవైనను వాని మర్మ మొక్కటియే. కొట్టు బలమును తగ్గింపక, కలుగు గాయమును తగ్గించుట.

ఈ మర్మమును స్పష్టముగా గ్రహించి, దాని నొక విద్యాపద్ధతిగా నిర్మించిన పురుషుడు జపానుదేశీయుడైన కానో జిగోరో. ఈయన 1860లో జన్మించెను. వస్తాదుల వంశములోనివాడు గాడు, వృత్తిచే ఉపాధ్యాయుడు. టోక్యోలోని ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు అనేక సంవత్సరములు ప్రధానాచార్యుడుగా నుండెను. బాల్యమున చిన్న దేహము కలవాడగుటచే తోడి విద్యార్థులచే బాధలు పడి, బలవంతుల నెదుర్కొను నుపాయము కావలెనని జుజుత్సు అను ప్రాచీన విద్య నభ్యసింప నారంభించెను. తనకంటె మిక్కిలి బరువైన సహాధ్యాయి యొకనిని గెలువలేక, గ్రంథాలయమునకు పోయి పాశ్చాత్యుల కుస్తీ పుస్తకములను సైతము చదివి, అందుండి యొక పట్టును గ్రహించి, వానిమీదనే పరీక్షించి చూచి గెలిచెనట. పుస్తకములో చదివినదానిని ఎదిరించువానిమీద పరీక్షింపక నమ్మకుండుట ఆయన స్వభావము. 1882లో టోక్యో నగరమున ఎయిషోజి యను బౌద్ధాలయములో పండ్రెండు చాపలు పట్టు గదిలో తొమ్మండుగురు శిష్యులతో తన పాఠశాలను స్థాపించెను. దానికి కోడోకన్ అని పేరు. ఆయన నేర్పిన విద్యయే జూడో.

ఆయన చేసిన మాఱ్పు పైకి చూచుటకు విపరీతముగా తోచును. పూర్వపు జుజుత్సులో మిక్కిలి ప్రమాదకరములైనవిగా పేరుపొందిన దెబ్బలను, పొడుపులను ఆయన స్వేచ్ఛాభ్యాసమునుండి తొలగించెను. వ్రేళ్లను మణికట్టును విఱుచు పట్లు సైతము క్రమక్రమముగా తొలగినవి. వానిని ముందు నిర్ణయించిన వరుసలలో మాత్రము నిలిపియుంచిరి. ఆ వరుసలకు కాతా యని పేరు. పడద్రోయుట, నేలపై అదిమిపట్టుట, మోచేతిని బంధించుట, గొంతును అదుముట మొదలగునవి స్వేచ్ఛాభ్యాసములో నిలిచినవి. ఆ యభ్యాసమునకు రాందోరి యని పేరు. ఓడినవాడు చేతితో రెండుమార్లు తట్టినచో గెలిచినవాడు తత్‌క్షణమే విడువవలెను. అన్నిటికంటె ముందు శిష్యునకు నేర్పునది గెలుచుట గాదు, పడుట. తల నేలకు తగులకుండ, చేయి విఱుగకుండ, నేలను చఱచి పడు విధమును నేర్చిన పిమ్మటనే ఎదుటివానిని పట్టుకొనుట.

ప్రమాదకరమైన విద్యను తీసివేసినచో సాము బలహీనము కాదా యని కొందరడుగుదురు. సత్యము దీనికి విరుద్ధము. ప్రాణాంతకమైన దెబ్బను జీవితమున ఒక్కమారైన నిజముగా వేయని వానికంటె, సామాన్యమైన పట్టును ఎదిరించువారిమీద పదివేలమార్లు వేసినవాడు ఆపదలో నెక్కువ పనికివచ్చును. మొదటివానికి తన దెబ్బ తగులునో తగులదో తెలియదు. రెండవవానికి తన పట్టు ఎప్పుడు చిక్కునో, ఎప్పుడు జాఱునో, జాఱినచో తరువాత నేమి చేయవలెనో దేహమునకే తెలియును. ఊపిరి ఎగబ్రాకునప్పుడు, కాళ్లు వణకునప్పుడు, భయము గుండెను పట్టుకొన్నప్పుడు పని చేయుట వాని కలవాటు. కాబట్టి క్షేమమును బలమును ఒకదానికొకటి విరోధులు గావు. క్షేమమే నిండుబలముతో పరీక్షించుటకు వీలు కల్పించును. కానో చూపిన ముఖ్యరహస్య మిదియే యని మా నమ్మకము.

దీనికి నిదర్శనములు గలవు. కోడోకన్‌లో నభ్యసించిన మయేదా మిత్సుయో యనువాడు 1914లో బ్రెజిలుదేశమునకు పోయి, అచ్చట గ్రేసీ యను కుటుంబములోని యువకునకు ఈ విద్య నేర్పెను. ఆ కుటుంబమువారు దానిని దినదినము ఎదిరింపుతో కూడిన అభ్యాసముగానే నిలుపుకొని వచ్చిరి. 1993లో అమెరికాలోని డెన్వరు నగరమున, వేఱువేఱు సాములు నేర్చినవా రొకరినొకరు ఎదుర్కొను పందెము జరుగగా, దాదాపు ఎనుబది కిలోగ్రాముల బరువుగల రాయిస్ గ్రేసీ ఒక్క రాత్రిలో మువ్వురను గెలిచెను. ఆ పందెము నేర్పాటు చేసినవారిలో వాని కుటుంబమువారును గలరు గనుక ఆ యొక్క రాత్రిని మాత్రము ప్రమాణముగా గొనుట తగదు. అట్టి పందెములను మెచ్చుకొనుటయు మా యుద్దేశము గాదు. అయినను అటుపిమ్మట అట్టి బరిలో నిలువగోరినవారందరును కుస్తీ, జూడో, ముష్టియుద్ధము మొదలైన, ఎదిరింపుతో నభ్యసించు విద్యలనే యాశ్రయింపవలసి వచ్చినది. వాద మెన్నేండ్లు సాగినను తేలనిది పరీక్షవలన తేలినది.

ఇక కాతాలను, పట్టీలను, పెంకులు పగులగొట్టుటను గూర్చి మేము న్యాయముగా మాటలాడవలెను. వరుసలు నేర్చుట వ్యర్థమని మేము చెప్పము. అక్షరములు దిద్దనివాడు వ్యాసము వ్రాయలేడు గదా! కేరళదేశపు కళరిపయట్టులో మొదట దేహసాధన, పిదప కఱ్ఱసాధనములు, ఆ పిదప లోహపు ఆయుధములు, కట్టకడపట వట్టిచేతుల పోరు అను క్రమము గలదు. ఆ క్రమములో గొప్ప వివేకమున్నది. సిద్ధపడని దేహముతో పోరాటమునకు దిగినవాడు గాయపడును. కాని జీవితాంతము అక్షరములే దిద్దుచుండి, వ్యాసము వ్రాయుట వచ్చినదని చెప్పుకొనుట సరికాదు. పట్టీల సంగతియు నిట్లే. నల్లపట్టీ యను ఆచారము 1880 ప్రాంతములయందు కోడోకన్‌లో నారంభమైనది. బాలురకు ఉత్సాహము గొల్పు రంగురంగుల పట్టీలు 20వ శతాబ్దమున ఐరోపాలో వ్యాపించినవి. ఎవరిని ఎవరితో జతకూర్పవలెనో ఉపాధ్యాయునకు చూడగానే తెలియుటకు పట్టీ మంచి గుఱుతు. అది రుసుము చెల్లించిన రసీదుగా మాఱినప్పుడు మాత్రము హాని చేయును. పెంకులు పగులగొట్టుట చూడ వేడుకగానే యుండును. కాని పెంకు తప్పించుకొనదు, అలసిపోవువరకు మనతో పెనగులాడదు. వేడుక వేఱు, పరీక్ష వేఱు.

మా మాటలోని రెండవ భాగమును, అనగా గాయము లేక మరునాడు మరల వచ్చుటను, తక్కువగా తలంపరాదు. కానో పుట్టిన దేశముననే దానిని మఱచిపోయినందున గొప్ప విషాదము సంభవించినది. 1983 మొదలు దాదాపు ముప్పది సంవత్సరములలో జపాను పాఠశాలలలో జూడో నభ్యసించుచు నూఱుమందికి మించిన విద్యార్థులు మరణించిరి. వారిలో పెక్కురు తలకు తగిలిన దెబ్బలవలన మరణించినవారు. క్రొత్తగా చేరినవారే యధికులు. పడుట నేర్వకముందే వారిని బలవంతులైన పెద్దవారు మరల మరల పడద్రోయుట, తలనొప్పి యని చెప్పినను అభ్యాసము మానిపింపకుండుట, దీనినే దృఢత్వముగా భ్రమపడుట అందుకు కారణములు. 2012లో ఆ దేశమున మాధ్యమిక పాఠశాలలలో యుద్ధవిద్యలు నిర్బంధము కాగా తల్లిదండ్రులు వెఱచి ప్రశ్నించిరి. జూడో సమాఖ్యవారు క్షేమనియమములను బలపఱచిరి. ఫ్రాన్సుదేశములో నన్ననో, 1955లోనే ప్రభుత్వ పట్టము లేనిదే జూడో నేర్పరాదని చట్టము చేసిరి. విద్య యొక్కటియే; నేర్పుచేతులు వేఱు. ఉపాధ్యాయుని జాగరూకత సామునకు వెలుపలి యలంకారము గాదు. సాములో నదియే మొదటి పట్టు.

ఆడుపిల్లల యాత్మరక్షణమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. సమగ్ర శిక్షా పథకము క్రింద కేంద్ర ప్రభుత్వమువారు ప్రభుత్వ పాఠశాలలలో 6 మొదలు 12 తరగతులవరకు చదువు బాలికలకు రాణీ లక్ష్మీబాయి పేర మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణమును ఏర్పఱచిరి. ఉద్దేశము మిక్కిలి శ్లాఘ్యము. అయితే మూడు నెలలలో ఏమి నేర్పగలము, ఏమి నేర్పలేము అని యోచింపవలెను. వరుసలో నిలిపి గాలిలో నూఱు గ్రుద్దులు వేయించి, వార్షికోత్సవమున ప్రదర్శింపజేసి, యోగ్యతాపత్రము నిచ్చి పంపినచో, ఆ బాలికకు లేని ధైర్యమును కల్పించినవార మగుదుము. ఆపదలో ఆ ధైర్యమును నమ్ముకొని ఆమె పాఱిపోవలసినచోట నిలిచినచో, మన శిక్షణమే యామెకు శత్రువగును. ఏమియు నేర్వని బాలిక తనకు రాదని యెఱిగి జాగ్రత్తపడును. రాని విద్య వచ్చినదని నమ్మిన బాలిక అంతకంటె నపాయములో నుండును.

అట్లని స్వల్పకాలపు శిక్షణము ప్రయోజనశూన్యము గాదు. కెనడాదేశమున విశ్వవిద్యాలయములలో మొదటి సంవత్సరము చదువుచున్న 893 మంది స్త్రీలతో జరిపిన యొక పరిశోధన 2015లో ప్రకటింపబడినది. అందు సగము మందికి మూడేసి గంటలు చొప్పున నాలుగు భాగముల శిక్షణము నిచ్చిరి. తక్కినవారికి కరపత్రములు మాత్ర మందుబాటులో నుంచిరి. ఒక సంవత్సరము గడచినపిమ్మట చూడగా, అత్యాచారమునకు గుఱియైనవారు శిక్షణము పొందినవారిలో నూటికి 5.2, పొందనివారిలో నూటికి 9.8 చొప్పున నుండిరి. ఆ పండ్రెండు గంటలలో పిడికిలి పోటునకు లభించిన కాలము కొంచెమే. అపాయమును ముందుగా పసికట్టుట, తెలిసినవాడే దుష్టుడైనప్పుడు మొగమోటము విడిచి "వద్దు" అని గట్టిగా చెప్పుట, మన కీడు కోరువానికి మర్యాద చేయవలసిన పని లేదని గ్రహించుట, వీనిని మాటలతో గాక అభినయించి, అభ్యసించి నేర్చుకొనిరి. ఇచ్చటను మా సిద్ధాంతమే నిలిచినది. నోటితో వద్దని చెప్పుటయు నొక పట్టే. దానిని గూడ బెదరించువాని యెదుట పలుమార్లు అభ్యసించినగాని సమయమునకు నోరు పెగలదు. కాబట్టి మూడు నెలలే యున్నచో, నూఱు గ్రుద్దులకు బదులు నాలుగు పనులు నేర్పుడు: పసికట్టుట, అఱచుట, విడిపించుకొనుట, పాఱిపోవుట. విడిపించుకొనుటను మాత్రము నిజముగా పట్టుకొన్నవాని చేతినుండియే యభ్యసింపజేయుడు.

ఎక్కువ కాలము వెచ్చించు నవకాశ మున్నచో మన యాడుబిడ్డలు ఏ యెత్తులకు పోగలరో నిజామాబాదు బాలిక నిఖత్ జరీన్ చూపినది. ఆమె 2022లో ఇస్తాంబుల్ నగరమునను, 2023లో ఢిల్లీ నగరమునను ముష్టియుద్ధములో ప్రపంచ విజేత్రి యయ్యెను. ముష్టియుద్ధము ఎదిరింపు లేనిదే నేర్చుకొన వీలులేని విద్య గదా.

ఇక నొక యాక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. క్రైస్తవ విద్యాలయమున కొట్లాట నేర్పుట తగునా యని మన పెద్దలలో కొందరు సంకోచింతురు. వారి సంకోచము గౌరవింపదగినదే. కాని అపొస్తలుడైన పౌలు తన పత్రికలలో పరుగుపందెమును, ముష్టిపోరును ఉపమానములుగా వాడుటకు జంకలేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి గలదు. మేము చెప్పిన పద్ధతిలో శిష్యుడు దినదినము తన మెడను తోడివాని చేతులలో పెట్టుచున్నాడు. తట్టగానే వాడు విడుచునని నమ్ముచున్నాడు. తన చేతిలోనికి వచ్చిన మెడను తానును విడుచుచున్నాడు. దినదినము ఓడుచు, ఓడించినవానికి నమస్కరించుచు, వానియొద్దనే తప్పు దిద్దుకొనుచున్నాడు. కానో తన విద్యకు రెండు సూత్రములు చెప్పెను: శక్తిని సద్వినియోగము చేయుట యొకటి, తానును ఇతరులును కలిసి వృద్ధిబొందుట రెండవది. 1964లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో జూడో మొదటిసారి చేర్పబడగా, బరువు నిర్ణయము లేని పోటీలో హాలండుదేశీయుడైన ఆంటన్ గీసింక్ జపాను వీరుని వారి గడ్డమీదనే గెలిచెను. ఆ సంతోషమున హాలండువారు చాపలమీదికి పరుగెత్తి రాబోగా అతడు చేయెత్తి వారి నాపెను. గెలిచిన క్షణముననే ఓడినవాని గౌరవమును కాపాడవలెనని తోచుట ఏ పుస్తకమువలనను వచ్చునది గాదు. తన బలమును కొలిచి చూచుకొన్నవానికి దానిని చూపవలెనను తహతహ యుండదు. వీధిలో కయ్యమునకు కాలు దువ్వువాడు తఱచుగా గోదా యెఱుగనివాడే.

కావున మన పాఠశాలలో నిట్టి శిక్షణము నారంభింపదలచినచో, ఏ దేశపు విద్య యను తర్కమున కాలము గడపక, కుస్తీయైనను, జూడోయైనను, ముష్టియుద్ధమైనను సరే, ముందుగా నేర్పువారిని చూడవలెనని మా కోరిక. ఖర్చు గొప్పగా నుండవలసిన పని లేదు. త్రవ్విన మెత్తని గోదా యొకటి, ఓర్పుగల వస్తాదు ఒకరు, వారమునకు మూడు సాయంకాలములు చాలును. కోడి రామమూర్తి నాయుడు వంటి బలశాలిని కన్న తెలుగుదేశమునకు, ఊరూర తాలింఖానాలు వెలసిన తెలుగుదేశమునకు గోదా యనునది పరదేశపు వస్తువు గాదు.

బిడ్డలను బయట శిక్షణమునకు పంపు తల్లిదండ్రులు ఒక సాయంకాలము పోయి కూర్చుండి తమ కన్నులతో చూడుడని ప్రార్థించుచున్నాము. శిష్యులు ఒప్పుకొనని జతతో పెనగులాడుచున్నారా, లేక గాలితోనే పోరాడుచున్నారా? మొదట పడుట నేర్పుచున్నారా? చిన్నవానిని పెద్దవానితో జతకూర్చినప్పుడు ఉపాధ్యాయుని కన్ను వారిమీద నున్నదా? దెబ్బ తగిలినదని చెప్పిన పిల్లవానిని కూర్చుండబెట్టుచున్నారా, పిరికివాడని పరిహసించుచున్నారా? గురువు తానును అప్పుడప్పుడు శిష్యులచేతిలో ఓడుచున్నాడా, లేక ఎవ్వరు నెదిరింపరాని దేవతగా నిలిచియున్నాడా? ఈ ప్రశ్నలకు మీరు కోరిన యుత్తరములు లభించినచో, ఆ గది గోడలమీద పతకము లొక్కటియు లేకున్నను బిడ్డను నిశ్చింతగా విడిచి రండు. లభింపనిచో పట్టీ యెంత నల్లనిదైనను వెంటబెట్టుకొని యింటికి తీసికొనిరండు.

విద్యార్థులారా, మీకును ఒక మాట. గోదాలో నోడుటకు సిగ్గుపడకుడు. అచ్చట మిత్రుని చేతిలో ఓడిన ప్రతి యోటమియు, ఒకనాడు శత్రువు చేతిలో సంభవింపనున్న యోటమిని తప్పించునదియే.